గ్యాస్ కొట్టించే ముందు

మార్చి ఆఖరుకు ఖమ్మంలో ఎండ ముదురుతుంది. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి పందిళ్లు వేస్తుంటారు. సరిగ్గా అప్పుడే కారున్న ఇళ్లలో ఒక మాట మొదలవుతుంది: "ఏసీ కూలింగ్ రావట్లేదు, గ్యాస్ అయిపోయినట్టుంది, కొట్టించాలి." షాపుకు వెళ్తారు, కొట్టిస్తారు. కొన్నాళ్లు హాయిగా ఉంటుంది. రోహిణి కార్తె వచ్చేసరికి మళ్లీ వేడిగాలి, మళ్లీ అదే మాట, మళ్లీ అదే ఖర్చు.

పెట్రోలు కాలిపోతుంది కాబట్టి అయిపోతుంది. ఏసీ గ్యాస్ కాలదు, అరగదు. నాలుగు వైపులా మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. గొట్టాల గోడల గుండా, సీళ్ల గుండా ఏడాదికి కొద్ది గ్రాములు జారిపోవడం సహజం. అందుకే నాలుగైదేళ్లకు కూలింగ్ కాస్త తగ్గితే కంగారు పడక్కర్లేదు. ఏటా తగ్గుతోందంటే మాత్రం ఎక్కడో రంధ్రం ఉంది. ఆ రంధ్రం మూయకుండా గ్యాస్ నింపించే వ్యక్తి, వచ్చే ఏడాది బిల్లు కూడా ఇవాళే ఖాయం చేసుకుంటున్నాడు.

తనకు తెలియని వస్తువు చెడిపోయినప్పుడు మనిషి రెండే పనులు చేస్తాడు. ఎదుటివాడు చెప్పిందల్లా నమ్ముతాడు, లేదా ఎవరినీ నమ్మడు. రెండింట్లోనూ జేబుకే చిల్లు. మూడో దారి సరైన ప్రశ్న అడగడం. అందుకు ఆ యంత్రం తిరిగే దారి తెలిస్తే చాలు, పానా పట్టనక్కర్లేదు.

వేడి బయటికి వెళ్లే దారి

ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. కారు లోపలి వేడిని ఎత్తుకెళ్లి బయట వదిలేస్తుంది. లోపల మిగిలేదే మనకు చల్లగా తగులుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే మిగతాదంతా దాని వెంట వస్తుంది.

వేడిని మోసేది గ్యాస్. మన దేశంలో ఇప్పుడు తిరుగుతున్న కార్లలో ఎక్కువ వాటిలో ఉండేది ఆర్-134ఎ. మామూలు వాతావరణ ఒత్తిడిలో అది మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. ఒత్తిడి పెంచితే మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. ఒత్తిడి కొలిచే గేజులో 30 పీఎస్ఐ ఉంటే సుమారు 2 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 230 పీఎస్ఐ ఉంటే 60 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది. ఒత్తిడిని మారుస్తూ అదే గ్యాస్‌ను ఒకచోట వేడి పీల్చుకునేట్టు, ఇంకోచోట వేడి వదిలేట్టు చేయడమే ఏసీ పనంతా.

ఈ దారిలో నాలుగు ముఖ్యమైన భాగాలున్నాయి.

1. కంప్రెషర్: ఇంజిన్ పక్కన బెల్టుతో తిరుగుతుంది. తక్కువ ఒత్తిడిలో వచ్చిన ఆవిరిని పీల్చి, బాగా నొక్కి, ఎక్కువ ఒత్తిడితో ముందుకు తోస్తుంది. నొక్కినప్పుడు ఆవిరి బాగా వేడెక్కుతుంది.

2. కండెన్సర్: కారు ముందు జాలీ వెనక, రేడియేటర్ కంటే ముందు ఉంటుంది. వేడి ఆవిరి ఇందులో బయటి గాలికి వేడి ఇచ్చేసి ద్రవంగా మారుతుంది. దీని పక్కనే, లేదా దీనిలోనే, డ్రయర్ ఉంటుంది. గ్యాస్‌లో చేరిన తేమను, మురికిని అది పట్టి ఉంచుతుంది.

3. ఎక్స్‌పాన్షన్ వాల్వ్: చాలా సన్నని ద్వారం. ద్రవం దీన్ని దాటగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. దాంతోపాటు ఉష్ణోగ్రత కూడా సున్నాకు దగ్గరగా దిగుతుంది.

4. కూలింగ్ కాయిల్: డ్యాష్‌బోర్డు వెనక ఉంటుంది. ఇందులో ద్రవం మరుగుతుంది. మరగడానికి కావలసిన వేడిని కారులోని గాలి నుంచి తీసుకుంటుంది. సున్నా డిగ్రీల దగ్గర ఒక కిలో ఆర్-134ఎ ఆవిరైతే దాదాపు 200 కిలోజౌళ్ల వేడిని లాగుతుంది. రెండు లీటర్ల నీటిని 24 డిగ్రీల మేర చల్లబరచడానికి తీయాల్సిన వేడి అంత. బ్లోయర్ ఈ కాయిల్ మీదుగా గాలిని తోస్తుంది, ఆ గాలే మన ముఖానికి తగులుతుంది. ఆవిరి మళ్లీ కంప్రెషర్‌కు చేరుతుంది.

ఈ కాయిల్‌కు తగిలిన గాలిలోని తేమ నీరై కారు కిందికి కారుతుంది. వానాకాలంలో అడవి దారిన వెళ్లి ఆగితే ముందు చక్రాల దగ్గర చిన్న మడుగే కడుతుంది. రంగూ జిడ్డూ లేని ఆ నీరు ఏసీ ఆరోగ్యానికి గుర్తు. ఆ నీరు బయటికి రాకుండా కాళ్ల కింది మ్యాట్ తడుస్తుంటే నీటి గొట్టం పూడుకుపోయినట్టు.

మన ఎండలో లెక్క మారుతుంది

వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికే పోతుంది. మే నెలలో కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం వైపు 45 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. కండెన్సర్‌లోని గ్యాస్ ఆ గాలికి వేడి ఇవ్వాలంటే తాను అంతకంటే వేడిగా, 60 డిగ్రీల పైన, ఉండాలి. అందుకు కంప్రెషర్ 230 నుంచి 260 పీఎస్ఐ దాకా నొక్కాలి. అందుకే చల్లని ఊళ్లో లోపం కనబడని కారు మన దగ్గర బయటపడిపోతుంది. ఏసీ పాడవడం ఎప్పుడో మొదలై ఉంటుంది, మే నెల దాన్ని బయటపెడుతుంది.

ఎండకు తోడు మన రోడ్లు. కొత్తగూడెం, మణుగూరు, ఇల్లందు, సత్తుపల్లి బొగ్గు ప్రాంతాలు. బొగ్గు టిప్పర్ల వెనక కొన్ని కిలోమీటర్లు నడిచిన కారు కండెన్సర్‌ను చూడండి, రేకుల మధ్య నల్లటి ధూళి అతుక్కుని ఉంటుంది. దాని మీద పురుగులు, గడ్డి గింజలు. గాలి దూరని కండెన్సర్ వేడిని వదలలేదు. అప్పుడు గ్యాస్ సరిగ్గానే ఉన్నా కూలింగ్ ఉండదు. దాన్నే చాలామంది గ్యాస్ తక్కువగా ఉందని లెక్కేసి, మరింత నింపిస్తారు. అవసరానికి మించి నింపిన గ్యాస్ కండెన్సర్‌లో ద్రవంగా నిలిచిపోయి చోటు ఆక్రమిస్తుంది. ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, కూలింగ్ ఇంకా తగ్గుతుంది, కంప్రెషర్ ఆయువు తరుగుతుంది.

కాబట్టి కూలింగ్ తగ్గినప్పుడు మొదట అడగాల్సింది "గ్యాస్ ఎంత?" అని కాదు, "వేడి ఎక్కడ ఆగిపోయింది?" అని.

ఇంటి దగ్గరే చేసుకునే పరీక్ష

షాపుకు వెళ్లే ముందు ఓ పావుగంట కేటాయించండి.

• కూలింగ్ ఎప్పుడు తగ్గుతోంది? రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి, భద్రాచలం వంతెన దగ్గర ట్రాఫిక్‌లో ఆగగానే వేడిగాలి వస్తుంటే కండెన్సర్ ఫ్యాన్‌ను అనుమానించండి. కారు నడుస్తుంటే గాలి దానంతటదే తగులుతుంది. ఆగినప్పుడు ఫ్యానే దిక్కు.

• గాలే తక్కువగా వస్తోందా? గాలి చల్లగా ఉండి వేగం లేకపోతే క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. చాలా కార్లలో ఇది ఎడమ సీటు ముందున్న గ్లవ్‌బాక్స్ వెనక ఉంటుంది, పానా లేకుండానే తీయొచ్చు. మన ధూళికి 5,000 కిలోమీటర్లకు ఒకసారి తీసి చూడటం మంచిది. చెట్ల కింద కారు పెట్టేవాళ్లు అద్దం కింది జాలీలో ఇరుక్కున్న ఆకులు కూడా ఏరేయాలి. అవి కుళ్లితే ఏసీ గాలిలో ముక్క వాసన వస్తుంది.

• మొదట బాగా చల్లగా ఉండి, గంటకు గాలే ఆగిపోతోందా? కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోంది. ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం కాసేపు నడపండి, కరుగుతుంది. మళ్లీ మళ్లీ అదే జరిగితే కాయిల్ దగ్గరి సెన్సర్ చూపించాలి.

• ఏసీ నొక్కగానే కంప్రెషర్ దగ్గర "టక్" అనే చప్పుడు వస్తోందా? క్లచ్ ఉన్న కార్లలో అది పట్టుకున్న చప్పుడు. రాకపోతే ఫ్యూజు, రిలే, వైరింగ్ చూడాలి. గ్యాస్ మరీ తక్కువైనా ప్రెషర్ స్విచ్ కంప్రెషర్‌ను పట్టనివ్వదు. అడవి అంచు ఊళ్లలో వైర్లను ఎలుకలు, ఉడతలు కొరకడం మామూలే. కొన్ని కొత్త కార్లలో క్లచ్ ఉండదు, వాటిలో ఆ చప్పుడు కోసం వెతకొద్దు.

• గొట్టాల అతుకుల దగ్గర, కండెన్సర్ మీద నూనె జిడ్డు, దానికి అంటిన దుమ్ము కనబడుతోందా? గ్యాస్‌తో పాటు కంప్రెషర్ నూనె కూడా తిరుగుతుంది. గ్యాస్ పోయిన చోట ఆ నూనె మరక మిగులుతుంది. లీకు తన చిరునామా తానే రాసి పెడుతుంది.

కండెన్సర్ కడగాలంటే ఇంజిన్ చల్లారాక మామూలు నీటి పైపుతో నెమ్మదిగా కడగండి. ప్రెషర్ వాషర్‌ను దగ్గరగా పెడితే రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది.

గేజు ముందు నిలబడే పద్ధతి

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ ఊళ్లో చదువురాని వాళ్లకు కూడా ఈ మూడంకెలు తెలుసు. 2022 జూలైలో నది 71 అడుగులు దాటినప్పుడు ఏ వీధి మునుగుతుందో వాళ్లు అంకె విని చెప్పగలిగారు. పుకారు వినబడితే "మట్టం ఎంత?" అని అడగడం వాళ్ల అలవాటు. ఏసీ షాపులోనూ అదే అలవాటు పనికొస్తుంది.

మెకానిక్ రెండు గేజులు పెడతాడు. నీలం రంగుది తక్కువ ఒత్తిడి వైపు, ఎరుపుది ఎక్కువ ఒత్తిడి వైపు. ఏసీ నడుస్తుండగా నీలం గేజు సాధారణంగా 30 నుంచి 45 పీఎస్ఐ మధ్య ఉండాలి. ఎరుపు గేజు ఎండను బట్టి మారుతుంది, మన వేసవిలో 250 దాటడం సహజం. ఒక గేజు చూసి తీర్పు చెప్పకూడదు, రెండూ కలిపి చదవాలి.

రెండూ తక్కువ: గ్యాస్ తగ్గింది, లీకు వెతకాలి.
రెండూ ఎక్కువ: గ్యాస్ ఎక్కువైంది, లేదా కండెన్సర్ వేడి వదల్లేకపోతోంది.
నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ: కంప్రెషర్ బలం తగ్గింది.
నీలం మరీ తక్కువ, ఎరుపు మామూలు లేదా ఎక్కువ: దారిలో ఎక్కడో అడ్డు ఉంది, తరచూ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర.

ఇంత తెలిస్తే సంభాషణ ఇలా నడుస్తుంది:

"గ్యాస్ అయిపోయింది సార్, కొట్టేద్దాం."

"కొడదాం తమ్ముడూ. ముందు గేజు పెట్టు. రెండు వైపులా ఎంతుందో చెప్పు."

"రెండూ తక్కువే ఉన్నయ్ సార్."

"అయితే ఎక్కడ పోతుందో చూడు. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ పెట్టు. దొరికినంక మాట్లాడుకుందాం."

"టైం పడుతది సార్."

"పట్టనీ. నీ టైముకు డబ్బులిస్తా. లీకు దొరక్కుండా గ్యాస్‌కు మాత్రం ఇయ్యను."

ఈ మాటల్లో కోపం లేదు, అనుమానం లేదు. మెకానిక్ పనికి విలువ ఉంది. మంచి పనివాడికి ఇలాంటి కస్టమర్ అంటే ఇష్టం, ఎందుకంటే వారం తిరక్కముందే వచ్చి గొడవపడే మనిషి కాదితను.

లీకు సరిచేశాక జరగాల్సిన పని వరుస ఇది. గొట్టాలు చాలాసేపు విప్పి ఉంచితే డ్రయర్ మార్చాలి, ఎందుకంటే అది గాలిలోని తేమను అప్పటికే తాగేసి ఉంటుంది. తర్వాత కనీసం అరగంట వాక్యూమ్ పెట్టాలి. వాక్యూమ్‌లో నీరు మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికి వస్తుంది. ఆ తేమ లోపలే ఉంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచుగా గడ్డకట్టి దారి మూస్తుంది, నూనెతో కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది. పంపు ఆపాక ఓ పది పదిహేను నిమిషాలు ముల్లు కదలకుండా ఉండాలి. ఆ తర్వాత గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించాలి. మీ కారుకు ఎన్ని గ్రాములో బానెట్ లోపలి స్టిక్కర్ మీద ఉంటుంది. చిన్న కార్లకు సాధారణంగా 350 నుంచి 500 గ్రాములు. "చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తది" అనే మాటకు లొంగకండి. త్రాసు మీద పెట్టించండి.

ఏ గ్యాస్ పోస్తున్నారో చూడండి

1990లలో కొన్న చాలా ఏసీ కార్లలో ఆర్-12 ఉండేది. అది ఓజోన్ పొరను తింటుందని తేలడంతో 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత ప్రపంచమంతా క్రమంగా మానేసింది. దాని చోటుకు వచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌కు హాని చేయదు గానీ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే 1,430 రెట్లు బలమైనది. అరకిలో గ్యాస్ గాలిలోకి వదిలితే 715 కిలోల బొగ్గుపులుసు వాయువు వదిలినట్టు. అది సుమారు 300 లీటర్ల పెట్రోలు కాల్చినదానితో సమానం. అంత పెట్రోలుతో ఖమ్మం నుంచి భద్రాచలానికి పద్దెనిమిది, ఇరవై సార్లు వెళ్లి రావచ్చు. అందుకే పాత గ్యాస్‌ను "బుస్సు"మని గాల్లోకి వదిలే షాపు కంటే, యంత్రంతో వెనక్కి లాగి తూకం చెప్పే షాపు మేలు. పాతది ఎంత మిగిలిందో ఆ తూకంలోనే తెలుస్తుంది.

2016లో రువాండా రాజధాని కిగాలిలో కుదిరిన ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది. ఆ ప్రకారం ఈ తరహా వాయువుల వాడకాన్ని 2032 నుంచి దశలవారీగా తగ్గించి 2047 నాటికి 85 శాతం కోత పెట్టాలి. కొన్ని కొత్త కార్లలో ఆర్-1234వైఎఫ్ ఇప్పటికే వస్తోంది. దాని ధర చాలా ఎక్కువ, కొద్దిగా మండే గుణం కూడా ఉంది. ఒకదాని బదులు ఇంకొకటి పోయకూడదు. స్టిక్కర్ మీద ఏది రాసుంటే అదే.

చవగ్గా దొరికే పేరులేని డబ్బాలతో జాగ్రత్త. 2011లో సముద్ర రవాణాకు వాడే శీతల కంటెయినర్లు కొన్ని పేలి వియత్నాం, బ్రెజిల్‌లలో మనుషులు చనిపోయారు. ఆర్-134ఎ పేరుతో ఎక్కించిన నకిలీ గ్యాస్‌లో మిథైల్ క్లోరైడ్ కలిసి ఉందని, అది అల్యూమినియంతో చర్య జరిపిందని తేలింది. కారు కండెన్సర్ కూడా అల్యూమినియమే. ఎల్‌పీజీ లాంటి మండే వాయువు పోయడం ఇంకా పెద్ద ప్రమాదం, కూలింగ్ కాయిల్ ఉండేది మీరు కూర్చునే గదిలోనే కదా.

అడవి దారిలో పాటించాల్సినవి

భద్రాచలం దాటి చింతూరు, మారేడుమిల్లి వైపు వెళ్తే మెకానిక్ షాపు అంత తేలిగ్గా దొరకదు. కంప్రెషర్ దగ్గర గీకినట్టు, అరిచినట్టు చప్పుడు వస్తే వెంటనే ఏసీ ఆపేయండి. చాలా కార్లలో ఒకే బెల్టు కంప్రెషర్‌తో పాటు ఆల్టర్నేటర్‌ను, కొన్నింట్లో నీటి పంపును కూడా తిప్పుతుంది. కంప్రెషర్ బిగుసుకుపోయి బెల్టు తెగితే చల్లదనం మాట దేవుడెరుగు, కారే ఆగిపోతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడి ముల్లు పైకి పోతుంటే కూడా ఏసీ ఆపడమే తెలివి.

ఎండలో ఉన్న కారు ఎక్కగానే అద్దాలు దించి ఒకటి రెండు నిమిషాలు నడపండి. లోపలి వేడిగాలి ఉచితంగా బయటికి పోతుంది. తర్వాత అద్దాలు ఎత్తి, లోపలి గాలే తిరిగే రీసర్క్యులేషన్ బటన్ నొక్కండి. బయటి 45 డిగ్రీల గాలిని మళ్లీ మళ్లీ చల్లబరిచే పని తప్పుతుంది. దూర ప్రయాణంలో మధ్యమధ్యలో కాసేపు బయటి గాలి రానివ్వండి, లేకపోతే మగత కమ్ముతుంది. చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ నడపండి. నూనె తిరిగి సీళ్లు ఎండిపోకుండా ఉంటాయి.

శ్రీరామనవమి రాత్రి భద్రాచలంలో గది దొరక్క కారులోనే నిద్రపోయేవాళ్లకు ఒక మాట. ఆపి ఉంచిన కారులో ఇంజిన్ నడుపుతూ, అద్దాలు మూసి, ఏసీ వేసుకుని నిద్రపోకండి. పొగ గొట్టం నుంచి లోపలికి చేరే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్ర నుంచి లేవనివ్వదు. పిల్లలను మూసిన కారులో "ఇప్పుడే వస్తా" అని వదిలి వెళ్లడం కూడా అంతే ప్రాణాంతకం.

30వ నంబరు జాతీయ రహదారి మీద లారీ నడిపే డ్రైవర్లకు ఏసీ విలాసం కాదు. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేసింది కేంద్రం. ఇన్నాళ్లూ కార్ల యజమానులకే అవసరమైన ఈ పాఠం ఇక లారీ యజమానులకూ కావాలి. ఏసీ పాడైన బండిని మే నెలలో జగ్దల్‌పూర్ దాకా పంపడం డ్రైవర్ ప్రాణంతో బేరమాడటమే.

ఈ వారం చేయాల్సిన పని

బానెట్ ఎత్తి ఏసీ స్టిక్కర్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. గ్యాస్ పేరు, గ్రాములు అందులో ఉంటాయి. క్యాబిన్ ఫిల్టర్ తీసి దులపండి. కండెన్సర్ కడగండి. ఏసీ పెట్టి కారు నడిపి, పది నిమిషాల తర్వాత మధ్య జాలీ దగ్గర చిన్న థర్మామీటర్ పెట్టి అంకె రాసుకోండి. బయట 40 ఉన్నప్పుడు అక్కడ 15కు అటూఇటూగా గానీ ఇంకా తక్కువగా గానీ ఉంటే మీ ఏసీకి ఢోకా లేదు. ఏటా మార్చిలో ఈ అంకె రాసి పెట్టుకుంటే, ఎప్పుడు షాపుకు వెళ్లాలో మీకే తెలుస్తుంది.

ఇంత చేశాక కూడా షాపుకు వెళ్లాల్సి వస్తే రెండు ప్రశ్నలు పట్టుకెళ్లండి: "రెండు గేజులూ ఎంత చూపిస్తున్నాయి?", "గ్యాస్ ఎక్కడి నుంచి పోయింది?" వీటికి జవాబు చెప్పే షాపుకు పది రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి. జవాబు చెప్పకుండా డబ్బా చేతికి తీసుకునే చోట కారు స్టార్ట్ చేసి వచ్చేయండి.